ఇటలీకి పోయిన కుంటి నక్క

ఆ “ఊఁ” తనది. తను నేర్పింది. అందుకే అది పక్కగదిలోంచి వినపడగానే పిండి పిసుకుతున్న బీబీజాన్ చేతులు ఆగిపోయాయి.

వంటింటి పక్కనే ఇస్త్రీ గది. అందులోంచి నవాఫ్ గొంతు వస్తోంది. కాసేపటికొకసారి, పెద్దమనిషిలా, “ఊఁ”. ఐదేళ్ల వాడు. దమ్మామ్‌లో పుట్టి పెరిగిన అరబ్బీ పిల్లాడు. వాడికి తెలుగులో వచ్చిన మాట అదొక్కటే. అది రాయచోటి పక్క పల్లె నుంచి బీబీజాన్ నోట కూచుని విమానమెక్కి వచ్చిన మాట. కథ చెప్పేవాళ్లకు ఎదుటివాళ్లు ఊఁ కొట్టాలి. కొట్టకపోతే కథ నడవదు. “నువ్వు ఊఁ అంటేనేరా నక్క కుంటికాలు ఎత్తి ఇంకో అడుగు వేసేది” అని వాడికి మాటలు వచ్చీరాని రోజుల్లోనే చెప్పింది. వాడు దాన్ని ఎంతగా నమ్మాడంటే, ఒకసారి నోటినిండా ఖర్జూరం పెట్టుకుని ఊఁ అనలేక, నక్క అడుసులో కూరుకుపోతుందని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

ఇప్పుడా ఊఁ ఇంకొకరికి పోతోంది.

చేతికంటిన పిండి దులుపుకోకుండానే బీబీజాన్ వెళ్లి గుమ్మంలో నిలబడింది. ఓబులమ్మ ఇంటి యజమాని వేసుకునే తెల్లటి పొడుగు చొక్కా బల్లమీద పరిచి, గిన్నెలోని నీళ్లు వేళ్లతో చిలకరించి, ఇస్త్రీ పెట్టె ఆనిస్తోంది. ఆవిరి బుస్సుమంటోంది. ఉతికిన బట్టల గుట్టమీద నవాఫ్ కాళ్లు ముడుచుకుని కూచున్నాడు. వాడికి గుమ్మంలో మనిషి కనపడనే లేదు.

“అప్పుడు ఆ జర్మనీ దొర తుపాకి ఎత్తినాడు,” అంటోంది ఓబులమ్మ. పనిమనుషులు మాట్లాడే అరబ్బీ అది. సగం మాటలు, సగం చేతులు. “నక్క ఏం చేసింది? పోయి మంచుకొండకు వీపు ఆనించి, అయ్యో దొరా, కొండ పడిపోతాంది, నేను మోస్తాండా, కాసేపు నువ్వు పట్టుకో, నేను పోయి ఊతకర్ర తెస్తా, అనింది.”

“ఊఁ.”

“దొర తుపాకి కింద పెట్టినాడు. కొండను పట్టుకున్నాడు. వెనకాల సిపాయిలంతా వచ్చి వరసగా నిలబడి పట్టుకున్నారు. నక్క వాళ్ల రొట్టెలన్నీ కంచరగాడిద మీద వేసుకుని కుంటుకుంటా కుంటుకుంటా…”

నవాఫ్ కిందపడి నవ్వాడు. ఊఁ కొట్టడం మరిచిపోయేంతగా నవ్వాడు. తన కథకు వాడు అంతగా నవ్విన రోజు బీబీజాన్‌కు గుర్తు రాలేదు.

“ఏం మే ఓబులమ్మా,” అంది తెలుగులో. “ఆ కొండ నాది.”

ఓబులమ్మ ఇస్త్రీ పెట్టె నిలబెట్టి చూసింది. “ఏం కొండక్కా?”

“పులికి పట్టించే కొండ. మా ముసలి జేజి నాకు చెప్పింది, నేను వీడికి చెప్పినా. ఎన్నిసార్లు చెప్పినానో. దాన్ని ఎత్తుకపోయి యాడ్నో మంచులో పెట్టి నీదంటాండావే.”

“అయ్యో, మా నాయిన చెప్పిందక్కా అది. ఆయన ఆ పెద్ద యుద్ధంలో ఇటలీలో కంచరగాడిదలు తోలినాడు. వచ్చినాక మాకు నక్క కతలన్నీ ఆడ జరిగినట్టే చెప్తాండె. నక్క మీ ఊర్లోనే ఉండాల్నా ఏంది? మా ముద్దనూరికి రాకూడదా?” అని నవ్వింది.

నవ్వితే పై పన్ను ఒకటి పక్కకు జరిగి ఉంటుంది ఓబులమ్మకు. ఆగస్టులో ఆమె వచ్చిన రోజు ఆ పన్ను చూసే బీబీజాన్‌కు ప్రాణం లేచొచ్చింది. ఇరాకీలు కువైట్‌లో దిగారని మామా చెల్లెలు ఇద్దరాడపిల్లల్ని, ఈ మనిషిని కారులో వేసుకుని ఎడారికడ్డంగా పారిపోయి వచ్చింది. ఇంటి యజమానురాలిని పనిమనుషులు మామా అనే పిలుస్తారక్కడ, యజమానిని బాబా అని. దుమ్ముకొట్టుకుపోయిన ఆ కారులోంచి పాలడబ్బా చంకలో పెట్టుకుని, ఒంటికాలికి చెప్పుతో దిగిన ఆడమనిషి, “దేవుడా, రొంత నీళ్లు పోయండి తల్లీ” అంది తెలుగులో. ఎన్నాళ్లకు! బీబీజాన్ ఆమెను కూచోబెట్టి తలంటింది. తన పెట్టెలోంచి కొత్త గౌను తీసి ఇచ్చింది. తన మంచం పక్కనే చాప పరిచింది. ఇప్పుడు ఆ చాప చూస్తే కళ్లల్లో కారం పడ్డట్టుంటోంది.

ఆ సాయంత్రం నవాఫ్‌ను పడుకోబెడుతూ బీబీజాన్ తనంతట తానే మొదలుపెట్టింది. “ఒక అడవిలో ఒక కుంటి నక్క…”

వాడు కప్పు వైపు చూస్తున్నాడు.

“ఆ నక్కకు ఒకనాడు పులి ఎదురొచ్చింది.”

ఊఁ లేదు.

“ఊఁ అనరా. నక్క ఆగిపోయింది చూడు.”

“నీ నక్క ఉత్తది, బీబీ,” అన్నాడు వాడు. పిల్లలు అబద్ధం ఆడరు చూడండి, అదే వాళ్లతో చిక్కు. “ఓబులా వాళ్ల నాన్న నిజంగా చూశాడంట. నీ నక్కను ఎవరు చూశారు?”

బీబీజాన్ దుప్పటి మెడదాకా లాగి, దాని అంచు పరుపు కిందికి దోపింది. రోజూ కంటే గట్టిగా దోపింది. వాడు కాళ్లు ఆడించలేక, “బీబీ, ఊపిరాడట్లేదు” అన్నాడు. అప్పుడు వదులు చేసింది.

*

జనవరి నడిమికి వచ్చేసరికి యుద్ధం ఖాయమని తేలిపోయింది. బాబా ఇంటి నడిమి గదికి కిటికీ నిండా నైలాన్ కాగితం పరిచి, అంచులకు వెడల్పాటి టేపు అంటించాడు. బీబీజాన్ కుర్చీ పట్టుకుని నిలబడి, టేపు ముక్కలు పళ్లతో కొరికి అందించింది. సద్దాం విషవాయువు వదులుతాడంట. సైరన్ కూయగానే అందరూ ఈ గదిలోకి రావాలి, తలుపు సందులకు టేపు వేయాలి, కింద తడి టవలు దోపాలి. బాబా ఆఫీసు నుంచి మాస్కులు తెచ్చాడు. నల్లటి రబ్బరు మొహాలు, గుండ్రటి గాజు కళ్లు, మూతి దగ్గర పంది ముట్టెలాంటి డబ్బా. పెద్దవాళ్లకు పెద్దవి, పిల్లలకు చిన్నవి. ఇంట్లో వాళ్లందరికీ సరిపోయాయి. పనిమనుషుల మాట ఎవరూ ఎత్తలేదు. బీబీజాన్, ఓబులమ్మా కూడా ఎత్తలేదు.

“గది చిన్నది, గాలి చాలదు,” అన్నాడు బాబా. “పిల్లల్ని చూసుకోవడానికి ఒక మనిషి లోపల చాలు. ఇంకొకరు బయట నడవలో ఉండాలి. మొహానికి తడి గుడ్డ కట్టుకోండి.”

మామా ఇద్దరినీ చూసింది. ఆమె మొహంలో బీబీజాన్ పేరు ఉండనే ఉంది, నోటిదాకా వచ్చింది కూడా. అంతలో ఎందుకనుకుందో, కొడుకు తల నిమిరి, “ఎవరు కావాలిరా నీకు?” అంది.

బీబీజాన్ అప్పటికే చెప్పులు విడిచి గదిలో ఒక కాలు పెట్టింది. వాడు పుట్టిన నాటి నుంచి ఎత్తుకున్న మనిషి. జ్వరం వస్తే తన కడుపుమీద పడుకోబెట్టుకున్న మనిషి. ఇంకెవరు కావాలంటాడు?

“ఓబులా,” అన్నాడు నవాఫ్. “నక్క కథ మధ్యలో ఉంది.”

పెట్టిన కాలు బీబీజాన్ వెనక్కి తీసుకుంది. మామా నవ్వింది. ఓబులమ్మ మాత్రం నవ్వలేదు. “నేను బయటుంటాలే అక్కా, నువ్వు లోపలుండు” అంది మెల్లగా. ఆ మాటతో బీబీజాన్‌కు ఒళ్లు ఇంకా మండింది. దానం చేస్తోందా నాకు?

“వాడు నిన్నడిగినాడు కదా. పో,” అంది.

మొదటి సైరన్ రెండు రోజులకు కూసింది, సాయంత్రం నమాజు దాటిన కాసేపటికి. బీబీజాన్ నడవలో గోడకు చేరగిలబడి, మొహానికి తడి టవలు కట్టుకుని కూచుంది. ఎక్కడో ఆకాశం చిట్లినట్టు చప్పుడయింది. గోడకున్న గడియారం ఊగింది. ఇలాంటప్పుడు మనిషి అల్లాను తలుచుకోవాలి, ఊళ్లో ఉన్న కూతుర్ని తలుచుకోవాలి. బీబీజాన్ చెవి మాత్రం తలుపుకే అతుక్కుపోయింది. లోపలి నుంచి ఓబులమ్మ గొంతు గొణుగుడులా వస్తోంది, మాట తెలియడం లేదు. కానీ ఆ “ఊఁ” మాత్రం తలుపు దాటి, టేపు దాటి, స్పష్టంగా వస్తోంది. ఒక్కో ఊఁకు లోపలెక్కడో ఒక్కో సూది దిగబడుతోంది. విషవాయువు వస్తే రానీ, ముందా ఊఁ ఆగితే చాలు అనుకుంది. అనుకుని, తౌబా తౌబా అని రెండు చెంపలూ తడుముకుంది.

*

మరుసటి పొద్దున నవాఫ్ పక్క తడిసి ఉంది.

రెండేళ్లుగా లేని అలవాటు. దుప్పటి చుట్టచుట్టి తీసుకుపోతూ బీబీజాన్‌కు సంగతి తెలుసు: సైరన్ కూసినప్పుడు, గదిలోకి పోకముందు, వాడు తన గౌను పట్టుకునే ఉన్నాడు, అప్పుడే నిక్కరు తడిసింది, తర్వాత మార్చింది కూడా తనే. బెదురు అక్కడిది. కథది కాదు.

మామా కాఫీ తాగుతోంది. బీబీజాన్ ఆ దుప్పటిని తిన్నగా స్నానాలగదికి తీసుకుపోవచ్చు. మామా ముందు నుంచి తీసుకుపోయింది.

“ఏంటది?”

“నవాఫ్ పక్క తడిపాడు మామా.”

“అయ్యో. ఎందుకు?”

బీబీజాన్ దుప్పటి మడత సర్దింది. ఒక అంచు ఇటు, ఒక అంచు అటు. “నాకేం తెలుసు మామా. ఓబులమ్మ వాడికి సిపాయిల కథలు చెప్తోంది. తుపాకులు, యుద్ధం. చిన్నపిల్లోడు కదా.”

అంతే అంది. అందులో ఏ మాటా అబద్ధం కాదు. కుంటి నక్క కూడా అంతే కదా. కొండకు వీపు ఆనించి నిలబడుతుంది, అంతే.

మామా కప్పు కింద పెట్టి లేచింది. ఇస్త్రీ గదిలో ఆమె గొంతు పెద్దదైంది. ఈ ఇంట్లో యుద్ధం కథలు వద్దు, అసలు ఏ కథలూ వద్దు, పిల్లల దగ్గరికి నువ్వు రావద్దు, సైరన్ కూస్తే బీబీ లోపల, నువ్వు బయట. ఓబులమ్మ “సరే మామా, సరే మామా” అంటోంది. స్నానాలగదిలో కుళాయి తిప్పి దుప్పటి నానబెడుతున్న బీబీజాన్‌కు అన్ని మాటలూ వినపడ్డాయి. సంతోషం వచ్చింది. దుప్పటి మూడోసారి జాడించి పిండేసరికి ఆ సంతోషం ఎక్కడికి జారిపోయిందో తెలియలేదు.

మధ్యాహ్నం ఇద్దరూ వంటింట్లో నేలమీద కూచుని అన్నం తింటుంటే ఓబులమ్మ అంది: “నాదే తప్పక్కా. మా నాయిన మాకు చెప్పేటప్పుడు మేం బెదర్లేదు, అందుకని చెప్తి. ఈ పిల్లోడు బంగారం మాదిరి పెరిగినాడు, వానికేం తెలుసు.”

బీబీజాన్ ముద్ద కలుపుతూనే ఉంది.

“నీకు ఇంకో టవలు తడిపి లోపల పెట్టినా. ఒకటి ఎండిపోతే ఇంకోటి కట్టుకోవాల. నీ మొహానికి కూడా ఏం ఇయ్యలేదు కదా వాళ్లు,” అని, తన పళ్లెంలోని నిమ్మకాయ ఊరగాయ బద్ద తీసి బీబీజాన్ పళ్లెంలో వేసింది. ఊరగాయంటే బీబీజాన్‌కు ప్రాణం. ఆ బద్ద పళ్లెం అంచునే మిగిలిపోయింది.

నవాఫ్ ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం బీబీజాన్ ఒళ్లోకి లాక్కుంటే, కర్రలా బిగుసుకుని కూచున్నాడు. “నక్క రొట్టెల పొయ్యిలో ఉంది,” అన్నాడు చివరికి. “ముసలమ్మ దాచిపెట్టింది. సిపాయిలు తలుపు కొడుతున్నారు. ఎవరూ ఊఁ అనలేదు. అక్కడే ఉండిపోయింది.”

*

రెండో సైరన్ పిల్లలు పప్పు చారు తాగుతుండగా కూసింది. గిన్నెలు గిన్నెల్లాగే ఉండిపోయాయి. బాబా డ్యూటీలో ఉన్నాడు. మామా, ఆమె చెల్లెలు, చెల్లెలి ఆడపిల్లలు గదిలోకి పరుగెత్తారు. బీబీజాన్ నవాఫ్‌ను చంకనేసుకుని వెళ్లి, తలుపు మూసి, సందుల్లో టేపు నొక్కి, కింద తడి టవలు దోపింది. తలుపు మూసేటప్పుడు చివరిగా కనపడింది ఓబులమ్మే. నడవలో గోడ పక్కన చతికిలబడి టవలు ముడి వేసుకుంటోంది. నిన్న తను కూచున్న చోటే.

ఆడపిల్లలు మాస్కులు తొడిగించుకున్నారు. నిన్న కథ వింటూ మాస్కు లేకుండానే గడిపిన నవాఫ్ ఇవాళా తొడిగించుకోలేదు. నల్లటి ఆ మొహం చూడగానే మూలకు పాకాడు. మామా తన మాస్కు పెట్టుకుని వాడి దగ్గరకు వెళ్లింది. తల్లి మొహం పోయి, గాజు కళ్లు, పంది ముట్టె! లోపలి నుంచి బుడబుడమని గొంతు! వాడు కెవ్వుమన్నాడు. కాళ్లతో తన్నాడు, మామా చేయి కొరికాడు.

“నువ్వు చూడు బీబీ!” అని మామా బుడబుడలాడింది.

బీబీజాన్ వాణ్ణి పొదివి పట్టుకుంది. “నవాఫూ, విను నాయనా. ఒక అడవిలో ఒక కుంటి నక్క…”

“అడవి వద్దు!”

“సరే, ఇటలీలో. ఇటలీలో నక్క పొయ్యిలో ఉంది. అప్పుడు పులి వచ్చింది.”

“ఇటలీలో పులి లేదు!” వాడు వెక్కుతున్నాడు, వణుకుతున్నాడు. “నీకు తెలీదు! నీకు తెలీదు!”

ఢామ్మని చప్పుడు. నైలాన్ కాగితం పొట్ట ఉబ్బి మళ్లీ కిటికీకి అతుక్కుంది. ఆడపిల్లలు తల్లి వీపు వెనక దూరారు. మామా ఆ చిన్న మాస్కును పిల్లాడి మొహం మీద అదమబోతే వాడు ఊపిరి బిగబట్టి నీలంగా మారిపోతున్నాడు.

ఇప్పుడు బీబీజాన్ లోపల ఉంది. కావాలనుకున్న చోటే ఉంది. పిల్లాడు తన ఒళ్లోనే ఉన్నాడు. వాడికి పనికొచ్చేది మాత్రం తన దగ్గర లేదు.

ఆమె ఆ మాస్కు అందుకుని, వాణ్ణి ఈడ్చుకున్నట్టే తలుపు దాకా జరిగింది.

“ఓబులమ్మా! ఉండావా మే?” తెలుగులో అరిచింది.

“ఉండా అక్కా. యాడికి పోతా?”

“పొయ్యిలో నక్క ఏమాయ?”

“మామా వద్దనింది కదక్కా.”

“మామా మూతికి తిత్తి కట్టుకోనుండాది. నువ్వు చెప్పు, బిడ్డ ఊపిరి తీసుకోల్యా. గట్టిగా చెప్పు!”

ఓబులమ్మ గొంతు సవరించుకుంది. అరబ్బీలో ఏదో మొదలుపెట్టింది. తలుపులోంచి గొణుగుడే వస్తోంది, మాట విడటం లేదు. బీబీజాన్ కిందికి చూసింది. గాలి రాకూడదని దోపిన టవలు. మామా వైపు చూసింది. మామా రేడియో చెవికి ఆనించుకుని అటు తిరిగి ఉంది. బీబీజాన్ ఆ టవలు కొసను నాలుగు వేళ్ల మందం పక్కకు లాగి, తన మోకాలు అడ్డం పెట్టింది.

మాట లోపలికి వచ్చింది.

“…ముసలమ్మ తలుపుకు జైతూన్ చెట్టు కొమ్మ కట్టింది. మా ఊర్లో వేపకొమ్మ కడతాం, ఈ ఇంట్లో అమ్మవారు పోసింది, రావద్దు అని. ఇటలీలో వేప లేదు, అందుకని జైతూన్. కానీ ఆ సిపాయిలకు ఏం తెలుసు? లోపలికొచ్చినారు. నక్క పొయ్యిలో ఉంది. పొయ్యి నిండా బూడిద. తుమ్మితే దొరికిపోతుంది. ముసలమ్మ ఏం చేసింది? నక్క మూతికి ఒక నల్లటి తోలు తిత్తి కట్టింది.”

నవాఫ్ ఏడుపు ఆగింది. “ఎలాంటిది?”

“పొడుగ్గా, ముట్టె ఉంటుంది. గాజు కళ్లుంటాయి. అది పెట్టుకుంటే బూడిద లోపలికి పోదు.”

“నక్క ఏడ్చిందా?”

“ఏడిస్తే సిపాయిలకు వినపడదా? ఏడవలేదు. మెల్లగా ఊపిరి తీసుకుంది. ఉస్… ఉస్… అట్ల.”

వాడు బీబీజాన్ చేతిలోని మాస్కును చూశాడు. చూసి, చూసి, గడ్డం ముందుకు పెట్టాడు. బీబీజాన్ పట్టీలు వాడి జుట్టు లాగకుండా ఒక్కొక్కటి తల వెనక్కి జారవిడిచింది. లోపలి నుంచి వచ్చింది: ఉస్… ఉస్…

“అప్పుడు దొర వచ్చి పొయ్యి తలుపు తట్టినాడు. లోపలెవరు అన్నాడు. నేను రొట్టెను, అనింది నక్క. ఇంకా కాలలేదు, తలుపు తెరిస్తే గాలి తగిలి చెడిపోతా, కూచోండి అనింది.”

మాస్కులో నవాఫ్ ఊఁ అన్నాడు. వాడి పొట్ట కదలడం బట్టి బీబీజాన్‌కు తెలిసింది. రబ్బరు దాటి ఏ చప్పుడూ రాలేదు.

అవతల ఓబులమ్మ ఆగిపోయింది. ఎదురుచూస్తోంది.

వాడు మళ్లీ అన్నాడు. గాజు కళ్లు బీబీజాన్ వైపు తిరిగాయి, బెదురుతో. నక్క ఆగిపోయింది. పొయ్యిలో ఆగిపోయింది.

బీబీజాన్ తలుపు సందుకు నోరు దగ్గరగా పెట్టింది. “ఊఁ” అంది.

“సిపాయిలంతా పొయ్యి ముందర వరసగా కూచున్నారు…”

“ఊఁ.”

“రొట్టె ఎప్పుడు కాలుతుందా అని టోపీలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు…”

“ఊఁ.”

ఎంతసేపు గడిచిందో. నక్క పొయ్యిలోంచే సిపాయిలతో కట్టెలు కొట్టించింది, నీళ్లు మోయించింది, ముసలమ్మ ఇంటికి సున్నం వేయించింది. దొర రొట్టెకు దండం పెట్టాడు. బీబీజాన్‌కు నవ్వొచ్చింది. పళ్లు కనిపించేలా నవ్వింది. తను ఊఁ కొట్టి ఎన్నేళ్లయింది? జేజి పోయిన నాటి నుంచి ఆమెకు కథ చెప్పినవాళ్లు లేరు. చెప్పడమే అయింది బతుకంతా. ఎవరైనా చెబుతుంటే తల వాల్చి వినడం ఎలా ఉంటుందో కూడా మరిచిపోయింది.

ఒళ్లో పిల్లాడి బరువు పెరిగింది. వాడి మెడ వాలిపోయింది. గాజు కళ్లమీద ఆవిరి పడుతోంది, విడుతోంది, పడుతోంది.

“అక్కా,” అంది ఓబులమ్మ తెలుగులో, తలుపుకు దగ్గరగా. “పిల్లోడు పండుకున్నట్టుండాడే. ఆపుదునా?”

బీబీజాన్ వాడి మొహం చూసింది. రెప్పలు గట్టిగా మూసుకున్నాయి.

“లేదులే మే. మేలుకోనే ఉండాడు. చెప్పు.”

అని ఊరుకుందా? కాసేపటికి మళ్లీ సందులోకి వంగింది. “ఓబులమ్మా… ఇంక తెలుగులో చెప్పు.”

అవతల తడి టవల్లో నొక్కిపెట్టిన నవ్వు ఒకటి వినపడింది. ఆ పక్క పన్ను నవ్వు.

“సరే, వినక్కా. ఆ ముసలమ్మ ఉండాది చూడు, మా జేజి మాదిరే ఒంటి కన్నుదంట…”

బీబీజాన్ పిల్లాణ్ణి సరిగ్గా పడుకోబెట్టుకుని, తల తలుపుకు ఆనించి, కళ్లు మూసుకుంది.

“ఊఁ,” అంది.